ఒడిబియ్యం ఎక్కిన కరెంటు విమానం

పెట్రోలు విమానం పోయేకొద్దీ తేలికవుతుంది. తాగిన పెట్రోలంతా పొగై పోతుంది కాబట్టి, దిగేటప్పటికి లేచినప్పటి బరువు ఉండదు. బ్యాటరీ విమానం అలా కాదు. ఎంత బరువుతో లేచిందో అంతే బరువుతో దిగుతుంది. లోపలి శక్తి అయిపోతుంది, బరువు మాత్రం అలాగే కూర్చుని ఉంటుంది. ఈ ఒక్క సంగతి ఒంటబడితే కరెంటు విమానం సగం తెలిసినట్టే. మిగతా సగం నాకు ఎమ్మిగనూరు పక్కన, పంట తీసేసిన ఒక వేరుశనగ చేలో కాటా మీద నిలబడినప్పుడు తెలిసింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఆ రోజు గురించి అడుగుతుంటారు. అందుకే రాస్తున్నాను.

నేను విమానాల మెకానిక్కును కాను, మెయింటెనెన్స్ ఇంజనీరును. ఎవరైనా మొదటి మాట వాడితే ఇప్పటికీ సరిదిద్దుతాను. విమానం ఎగరడానికి యోగ్యంగా ఉందని సంతకం పెట్టే అధికారం నాది. ఆ సంతకం మీద పైలట్ ప్రాణం ఉంటుంది.

ఆదోనిలో మా తాతకు రెండు జిన్నింగు మిల్లులు, ఒక ప్రెస్సు ఉండేవి. దూది బేలు మీద మా ఇంటి ముద్ర ఉంటే బొంబాయి వ్యాపారులు విప్పి చూసేవారు కాదట. మా నాన్న కాలానికి ముద్ర మిగిలింది, వేయడానికి బేళ్లు లేవు. నేను ఊరు విడిచి, ఫ్లయింగ్ క్లబ్బుల్లో చిన్న విమానాల పొట్టల కింద పడుకుని పని నేర్చుకున్నాను. ముప్పయ్యేళ్లకు పైగా అదే పని. ఇస్త్రీ చొక్కా లేకుండా ఒక్క రోజు కూడా హ్యాంగరులో అడుగుపెట్టలేదు. మిల్లు పోయినా నడుము వంగలేదని ఆదోనిలో నా గురించి అంటారు. మెచ్చుకుని అంటారో ఎగతాళికి అంటారో నేను విచారించలేదు.

ఉద్యోగం ముగిసే వయసులో ఒక చిన్న కంపెనీ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఇద్దరు కూర్చునే కరెంటు విమానం తయారు చేశారు, ఎగరేసి చూడటానికి ఎండ ఎక్కువ ఉన్న, జనం తక్కువ ఉన్న చోటు కావాలి. ఆదోని నుంచి ఆస్పరి పోయే దారిలో నేల తీసుకుని గరుసు మట్టి పరిచి రన్‌వే చేశారు. ఆ నేల ఒకప్పుడు మాది. ఇప్పుడు మా తాత దగ్గర గుమాస్తాగా చేసినాయన కొడుకుది. నన్ను చూడగానే ఆయన లేచి నిలబడి "రాండి శావుకారు" అనేవాడు. ఆ మర్యాదలో ఏ తప్పూ లేదు. అయినా ఆ మాట విన్నప్పుడల్లా మెడ దగ్గర కాలరు బిగిసినట్టుండేది.

మొదటిసారి మోటారు తిప్పిన రోజు నేను మరిచిపోలేను. పెట్రోలు ఇంజను అయితే లేపాలి, దగ్గనివ్వాలి, వేడెక్కనివ్వాలి, నూనె ఒత్తిడి చూడాలి. ఇక్కడ పైలట్ చేతితో పిడి ముందుకు జరిపిందో లేదో, ప్రొపెల్లరు గిర్రున తిరిగి విమానం పగ్గం తెంపుకోబోయే కోడెలా ముందుకు గుంజింది. వణుకు లేదు, పొగ లేదు. ఆపేసిన మరుక్షణం చేలో పిట్టల కూతలు వినిపించాయి. నేను, అంత వయసు వచ్చినవాణ్ణి, "మళ్లీ తిప్పండి" అన్నాను. మళ్లీ తిప్పారు. మళ్లీ అదే. ఆ సాయంత్రం ఇంటికి పోతే మా ఇంటావిడ నా చేతులు చూసి, "ఈపొద్దు పనికి పోలేదా ఏంది, నూనె మరకే ల్యా?" అనింది.

ఆ పైలట్‌ది కౌతాళం. సగం మాట తెలుగు, సగం కన్నడం, రేడియోలో మాత్రం ఇంగ్లీషు. ఎక్కడో ఫ్లయింగ్ స్కూల్లో పాఠాలు చెప్పి, పెళ్లయ్యాక సొంత జిల్లాకు తిరిగొచ్చింది. బ్యాటరీల సంగతి చూసే ఇంజనీరు ఎమ్మిగనూరు నేతవాళ్ల ఇంటి అబ్బాయి. చదువు ఘనంగా చదివాడు, మాట మాత్రం ఊరి మాటే.

"సార్, మా నాయన మగ్గం సప్పుడు దీనికంటే ఎక్కువ" అన్నాడు మొదటి రోజే.

"మీ నాయన మగ్గం పైకి లేవదు కదయ్యా" అన్నాను.

"మా నాయన కోపమొస్తే అదీ లేస్తాది సార్" అన్నాడు.

మేం ముగ్గురం ఆ ఎండల్లో చాలా నేర్చుకున్నాం. శిక్షణకు ఇంతకంటే మంచి విమానం ఉండదు. లేవడం, ఒక చుట్టు చుట్టడం, దిగడం, మళ్లీ లేవడం. ఖర్చు తక్కువ, చప్పుడు తక్కువ, పాడయ్యే భాగాలు తక్కువ. కానీ గాలిలో ఉండగలిగేది గంటకు కాస్త అటూ ఇటూ. అందులోనూ అత్యవసరానికని కొంత మిగుల్చుకోవాలి. ఆ మిగులుకు మేం మీటరు మీద ఎర్ర గీత పెట్టుకున్నాం. గీత దగ్గరికి రాకముందే చక్రాలు నేల మీద ఉండాలి, ఎవరు అడిగినా ఎందుకు అడిగినా. మన ఎండకు బ్యాటరీలు త్వరగా వేడెక్కుతాయి, వేడెక్కితే చార్జింగు నెమ్మదిస్తుంది. ఈ విమానం రేపే హైదరాబాదు పోతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. ఎగరదని చెప్పేవాళ్లను అసలే నమ్మకండి.

ఇలా ఉండగా కంపెనీ యజమాని వచ్చి అసలు మాట చెప్పాడు. పెట్టుబడి పెట్టేవాళ్లు ఒక పూట కోసం ఆదోని వస్తున్నారు. రన్‌వే చుట్టూ తిరగడం చూసి వాళ్లు తృప్తి పడరు. విమానం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలి, అక్కడ చార్జింగు పెట్టుకోవాలి, ఆ సాయంత్రమే తిరిగి రావాలి. వస్తే రెండో విమానం కడతాం, రాకపోతే షెడ్డు మూసేస్తాం. ఇంకో ఊరు అనగానే బ్యాటరీ ఇంజనీరు "ఎమ్మిగనూరు" అన్నాడు. వాళ్ల మేనమామ చేను పంట తీసేసి ఖాళీగా ఉంది, పక్కనే బోరు మోటారుకు త్రీఫేజు కరెంటు ఉంది. అనుమతులు తెచ్చారు, చేను చదును చేశారు.

"జనరేటరు ఒకటి తోడు తీసుకుపోదాం" అన్నాను నేను.

"కరెంటు విమానానికి డీజిలు పొగతో చార్జింగా? ఆ ఫొటో బయటికి పోతే మన పరువేం కాను?" అన్నాడు యజమాని.

పరువు అనే మాట వచ్చాక నేను ఎక్కువ వాదించే మనిషిని కాను.

రెండో సీటు నాకిచ్చారు. పరిశీలకుడు అని పేరు. నేను చూసి చెప్పే అంకెలన్నీ యంత్రమే దాచుకుంటుందని నాకు తెలుసు, అది మర్యాద కోసం ఇచ్చిన సీటు. అయినా ఆ వారమంతా నా కాళ్లు నేల మీద లేవు. ఇన్నేళ్లూ విమానాలను సాగనంపి నేల మీద మిగిలినవాణ్ణి. ఇప్పుడు మా తాత నేల మీద, ఆదోని పెద్దమనుషులంతా చూస్తుండగా ఆకాశంలోంచి దిగబోతున్నాను. దూది వ్యాపారుల్లో నాకు తెలిసిన ప్రతి ఒక్కరికీ కబురు చేశాను. గుమాస్తా కొడుకు తానే పూలమాల తెస్తానన్నాడు.

ఆ రోజు పొద్దున గాలిలోకి లేచాం. ఆదోని కొండలు ఎడమకు జరిగాయి, కింద దుక్కి దున్నిన నల్ల నేలలు, మధ్య మధ్య ఎర్ర నేలలు, తాడు పరిచినట్టు ఎమ్మిగనూరు రోడ్డు. అరవకుండానే ఒకరి మాట ఒకరికి వినిపిస్తోంది. "ఎట్లుంది సార్?" అంది పైలట్. నేను బ్యాటరీ ఉష్ణోగ్రత అంకె చదివి వినిపించాను. ఆమె నవ్వుకుంది.

చేలో దిగేసరికి ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఫోన్లు పైకెత్తిన చేతులు తప్ప మొహాలు కనబడటం లేదు. చార్జరుతో, మంటలార్పే సామానుతో మా జీపు ముందే చేరింది. బ్యాటరీ ఇంజనీరు పరుగున వచ్చి తీగ తగిలించాడు. చార్జరు మీద పచ్చ దీపం వెలగలేదు. మళ్లీ తగిలించాడు. వాళ్ల మేనమామ తీరిగ్గా దగ్గరికొచ్చాడు.

"కరెంటు సింగిలు ఫేజే ఉండాది గదప్పా ఇప్పుడు."

"త్రీఫేజు పగలంతా ఉంటాదన్నావే మామా?"

"పోయిన వారం ఉన్నె. ఈ వారం వంతు మారింది. తెల్లారుజామున ఇచ్చి తీసేసినారు. నువ్వు అడగల్యా, నేను సెప్పల్యా."

బ్యాటరీ ఇంజనీరు మొహం పాలిపోయింది. చేతిమగ్గం ఇంట్లో పెరిగినవాడికి వ్యవసాయ కరెంటు వంతులు వారం వారం మారతాయని ఎవరు చెబుతారు? మగ్గం కరెంటు అడగదు. నేను మాత్రం ఏం అడిగాను? జనరేటరు గురించి వాదించానే తప్ప వంతు గురించి తలచలేదు. సింగిల్ ఫేజుతో పెడితే మర్నాటి దాకా పెట్టాలి. ఉన్నంతలో అదే తగిలించమన్నాను. చుక్క చుక్కగా ఎక్కుతుంది, ఎక్కినంత ఎక్కనీ.

లెక్క వేశాం. బ్యాటరీలో సగానికి పైనే మిగిలింది. తిరిగి పోవడానికి చాలు, ఎర్ర గీతకు పైనే దిగవచ్చు. గాలి నెమ్మదిగా ఉంటే. మధ్యాహ్నానికి గాలి పడమటి నుంచి లేచింది. ఆదోని ఉన్నది ఆ దిక్కునే.

ఈలోగా బ్యాటరీ ఇంజనీరు అమ్మ మమ్మల్ని వదల్లేదు. షామియానా కింద కూర్చోబెట్టి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టింది. "ఇంగ రెండు ఏసుకో సారూ, ఆకాశంలో ఆకలైతే యాడ దొరుకుతాది?" అని వడ్డించింది. తర్వాత పైలట్‌ను పీట మీద కూర్చోబెట్టి, ఆమె నీలం ఓవరాల్ మీద కొత్త తువ్వాలు పరిచి, ఒడిబియ్యం పోసింది. బియ్యంలో పసుపు కొమ్ములు, ఎండు కొబ్బరి, వక్కలు. పైన వాళ్ల మగ్గం మీద నేసిన చీర.

"మ్మా, బరువైతాదిమ్మా, వద్దు" అన్నాడు కొడుకు.

"ఆడబిడ్డ మన ఊరికి మొదటిసారి వచ్చింది. ఒట్టి ఒడితో పంపిస్తే నన్నేమంటారురా? ఇమానంలో వచ్చినా ఆడబిడ్డ ఆడబిడ్డే."

పైలట్ కళ్లు చెమ్మగిల్లాయి. తువ్వాలు నాలుగు కొసలు తానే ముడి వేసుకుంది.

నేను విమానం దగ్గరికి పోయాను. దూరం నుంచే ఏదో తేడాగా కనిపించింది. ముందు చక్రం తేలిపోయినట్టుంది, తోక కిందికి వాలింది. సీట్ల వెనక సామాను అర తెరిచాను. ఒక మూట నిండా బుడ్డలు, అంటే మీరు వేరుశనగ అనేవి. పక్కన టెంకాయలు, ఒక అరటి గెల, రెండు దుప్పట్లు. బస్సు టాపు మీద సర్దినట్టు ముచ్చటగా సర్దారు.

"ఎవరు పెట్టింది ఇది?"

"మేమే సార్. సందు ఉండాది గదా అని పెట్టినాం" అన్నాడు మేనమామ గర్వంగా. "దుప్పటి మీకు ఒకటి, పైలెట్టమ్మకు ఒకటి, ఆదోనికి వచ్చిన పెద్దోళ్లకు మిగిలినది."

"ఇది ఇలాగే లేపితే తోక నేలకు గీరుకుంటుందయ్యా."

"అన్ని పెద్ద రెక్కలుండాయి. ఒక మూటకు అల్లాడిపోతాదా?" అని జనంలోంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

నేను కోప్పడలేదు. అది కడుపు నిండా ప్రేమతో చేసిన పొరపాటు, దాన్ని తిట్టడానికి మాటలు దొరకవు. బుడ్డలు కొనే వ్యాపారి దగ్గర నుంచి కాటా తెప్పించమన్నాను. మూట తూచాం, టెంకాయలు తూచాం, ఒడి తూచాం. పైలట్ ఫోన్‌లో అంకెలు కొట్టుకుంటూ, తల ఎత్తకుండా, "మీరు కూడా ఎక్కండి సార్, లెక్క లెక్కే" అంది.

మా తాత కాటా మీద ఈ చుట్టుపక్కల ఊళ్ల పత్తి అంతా తూగింది. ఆయన మనవడు బుడ్డల కాటా మీద, ఊరంతా ఫోన్లు పట్టుకుని చూస్తుండగా ఎక్కి నిలబడ్డాడు. నేను నిటారుగానే నిలబడ్డాను. "పెద్దాయన రెండు మూటలున్నాడు" అన్నాడు వ్యాపారి.

పైలట్ జీపు పక్కన కూర్చుని మళ్లీ లెక్క వేసింది. ఇద్దరం, సామాను అంతా అయితే చేలోంచి లేవడమే అనుమానం. ఇద్దరమే, ఏమీ లేకుండా అయితే దిగేటప్పటికి సరిగ్గా గీత మీద. గాలి ఇంకాస్త పెరిగితే గీత కింద. ఆమె ఫోన్ పక్కన పెట్టింది. తర్వాత, "టెంకాయలు ఎట్లాగూ తీసేస్తాం. చీర తీయొచ్చు, మళ్లీ తెప్పించుకుంటాను. ఒడిబియ్యం మాత్రం వెనక్కి ఇవ్వకూడదు సార్. ఉడి తుంబినాక, అదే ఒడి నింపినాక, తీస్తే మా అత్త గడప దాటనీదు..." అని చిన్న చిన్న బరువులన్నీ పేరుపేరునా చెప్పుకుపోయింది. నావైపు చూడటం లేదు. ఆమె అన్నిటినీ లెక్కపెడుతోంది, ఒక్కదాన్ని తప్ప.

ఆదోనిలో ఎవరెవరు నిలబడి ఉంటారో ఒక్కొక్క మొహమే కనిపించింది. ఆ రోజు కోసం తీసిన తెల్ల చొక్కా ఒంటి మీద ఉంది. విమానం యోగ్యంగా ఉందని సంతకం పెట్టేవాడే అందులో ఎక్కువైన బరువని తేలితే ఏం చేయాలో ఏ నిబంధనలోనూ లేదు. ఉండనక్కర్లేదు.

"నేను దిగిపోతే?" అన్నాను.

"మీరు దిగితే ఒడి, చీర తీసుకుపోయినా గీతకు చాలా పైన ఉంటాను సార్" అంది వెంటనే. అంత వెంటనే చెప్పిందంటే, ఆ లెక్క ఎప్పుడో అయిపోయిందన్నమాట. నాకు నవ్వు వచ్చింది. ఆమెకూ వచ్చింది. బ్యాటరీ ఇంజనీరు మాత్రం మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

వాళ్ల అమ్మకు సంగతి తెలిసి గుండె బాదుకుంటూ వచ్చింది. "అయ్యో సారూ, నా బియ్యం కోసం నిన్ను దింపేసినారా?"

"కాదమ్మా, నేను మీ బియ్యం కంటే బరువు. అందుకే నన్ను దింపారు."

బ్యాటరీలు చల్లారాలి, పొద్దు వాలి గాలి తగ్గాలి. అప్పటిదాకా విమానం లేవదు. కానీ ఆదోనిలో అది దిగేసరికి దాన్ని పట్టుకోవడం తెలిసిన మనిషి ఒకడు ఉంటే మంచిది. జీపు మంటలార్పే సామానుతో చేలోనే ఉండాలి. విమానం చుట్టూ రెండుసార్లు తిరిగి, ప్రతి బోల్టూ తడిమి, సంతకం పెట్టి నేను బస్సు స్టాండుకు బయలుదేరాను. బుడ్డల మూట నాతో వచ్చింది. వద్దంటే మేనమామ ఒప్పుకోలేదు.

బస్సు కిక్కిరిసి ఉంది. "ఏమప్పా పెద్దాయనా, ఈ మూట నీదేనా? దావలో పెట్టినావు" అన్నాడు కండక్టరు. జరిపాను. తన ఇంటి పెద్దల కాలంలో ఎవరు ఏ కారు ఎక్కారు అనేది బస్సులో నిలబడినవాడికి గుర్తు రాకూడదు, వచ్చింది. కాసేపే. ఆ తర్వాత నా మనసంతా ఆ చేలోనే. లేచి ఉంటుందా? గాలి తగ్గిందా? చేను చివర ఉన్న గట్టు దాటి ఉంటుందా? నేను చూడకుండా నా సంతకంతో ఎన్నో విమానాలు లేచాయి, ఏ ఒక్కదాని కోసమూ ఇలా మెడ చాచలేదు. వంగి వంగి కిటికీలోంచి పైకి చూస్తున్నాను.

"యాంది సూస్తాండావు పెద్దాయనా? మబ్బు కూడా ల్యా" అన్నాడు కిటికీ పక్కన కూర్చున్న రైతు.

అప్పుడు దుక్కి నేల మీద ఒక నీడ పరుగెత్తింది. రోడ్డు దాటింది, మళ్లీ రోడ్డు పక్కకు వచ్చింది. రైతే ముందు చూశాడు. "అదో! అదో!" అని లేచాడు. బస్సంతా ఆ పక్కకు ఒరిగింది. డ్రైవరు వేగం తగ్గించాడు. మా విమానం, ఎండ రెక్కల మీద మెరుస్తుండగా, బస్సును దాటిపోతోంది.

"సప్పుడే ల్యాకుండా పోతాండాదే!"

"గాలిపటమేమోలేప్పా."

"గాలిపటానికి మనిషి యాడ ఉంటాడు? తల కనిపిస్తాండాది సూడు!"

"మనిషి కాదు, ఆడబిడ్డ. కౌతాళం ఆడబిడ్డంట, ఫోన్లో సూసినా" అంది వెనక సీటు నుంచి ఒకావిడ.

నేను రైతు భుజం మీదుగా తల బయట పెట్టి చూశాను. రెక్కలు సమంగా ఉన్నాయి, వణుకు లేదు. కొండల వైపు చిన్నదై, చుక్కై, కనబడకుండా పోయింది. ఇంక దిగడమే మిగిలింది. బస్సు మళ్లీ వేగం అందుకుంది. నా చెయ్యి జేబులో ఫోన్ మీదే ఉంది. అది మోగేదాకా బస్సులో ఎవరు ఏం మాట్లాడారో నాకు తెలియదు.

"దిగినాది సార్!" బ్యాటరీ ఇంజనీరు గొంతు చేలోంచి అరుస్తోంది. "ఇప్పుడే సెప్పినారు ఆదోని నుంచి. గీతకు పైన! శానా పైన! రెండో ఇమానం కడతారంట సార్!"

హ్యాంగరులో ఏనాడూ గొంతెత్తని నేను ఆ బస్సులో అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. కండక్టరు టికెట్ల మిషను పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఆ ఇమానం నీకు తెలుసా పెద్దాయనా?"

"అందులో ఒక సీటు నాదే."

"మరి ఈడ నిలబడుకోనుండావే?"

"అది ఖాళీగా ఉంది కాబట్టే అక్కడ దిగింది."

అతను నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, కిటికీ పక్క రైతుతో, "లేయన్నా, పెద్దాయన్ని కూసోనీ" అన్నాడు. రైతు లేచాడు. వద్దని చెప్పి, ఆదోని వచ్చేదాకా నిలబడే ఉన్నాను. అంత సంతోషంతో కూర్చోవడం నా వల్ల కాలేదు.